బిగుసుకుపోయిన స్టెప్నీ దించడానికి ఇక నుంచి వేరే ఛార్జీ

మన టైర్ల షాపు కస్టమర్లందరికీ నమస్కారం. విషయం ముందే చెప్పేస్తాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి, బండి కింద బిగుసుకుపోయిన స్టెప్నీని దించే పనికి 300 రూపాయలు వేరుగా తీసుకుంటాం. దాన్ని మోసే చెయిన్ కోయాల్సి వస్తే 600. రోడ్డు మీదికి రమ్మంటే రానుపోను డీజిల్ ఖర్చు అదనం. పంక్చర్ రేటు, అలైన్‌మెంట్ రేటు ఏమీ మారలేదు.

"పంక్చరుకు నూట యాభై, స్టెప్నీ కిందికి దించడానికి మూడు వందలా?" అని ఇప్పటికే ఒకరిద్దరు మొహం మీదే అడిగారు. వాళ్లు అడిగిందాంట్లో తప్పేం లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

డిక్కీలో స్టెప్నీ ఉండే కార్లతో మాకు గొడవే లేదు. బొలెరో, థార్ లాంటివాటికి వెనక డోరుకే వేలాడుతుంది, నట్లు విప్పితే చేతికొస్తుంది. పేచీ అంతా ఇన్నోవా, ఎర్టిగా, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి బండ్లతోనే. మూడో వరుస సీటుకీ సామానుకీ చోటు కావాలి కాబట్టి కంపెనీవాళ్లు స్టెప్నీని బండి పొట్ట కిందికి నెట్టారు. సూర్యాపేటలో హైవే పక్కన షాపు పెట్టుకున్నాక మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఈ బండ్లే.

కింద ఉండే ఏర్పాటు చిన్నదే. బావి గిలక లాంటి ఒక వించి, దానికి చెయినో ఇనుప కేబులో, చివర ఒక బిళ్ళ. ఆ బిళ్ళ రిమ్ము మధ్య రంధ్రంలోంచి కిందికి వచ్చి, అడ్డం తిరిగి టైరును మోస్తుంది. డిక్కీ అంచులోనో, వెనక బంపర్ పైనో ఒక చిన్న మూత ఉంటుంది. అది తీసి జాకీ రాడ్డు లోపలికి పెట్టి, నట్టు వదులు చేసే దిక్కుగా తిప్పితే టైరు మెల్లగా దిగుతుంది. చెయిన్ వదులయ్యాక బిళ్ళను ఏటవాలుగా వంచి రంధ్రంలోంచి పైకి తోసేస్తే టైరు విడిపోతుంది. బాగున్న బండికి ఇది ఐదు నిమిషాల పని. అలాంటి బండికి రూపాయి కూడా తీసుకోం. ఇప్పుడూ తీసుకోం, ముందు ముందూ తీసుకోం.

బాగాలేని బండి సంగతి వేరు. నాట్ల సీజన్‌లో హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ పక్క ఊళ్ల రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్ వీల్స్‌తో మోసుకొచ్చిన బురద రోడ్డు నిండా ఉంటుంది. మీ వెనక టైర్లు దాన్ని చిమ్మేది నేరుగా స్టెప్నీ మీదికే. ఆ మట్టి చెయిన్ లింకుల్లో, వించి పళ్లల్లో చేరి ఎండాకాలానికి గట్టిపడిపోతుంది. ఇంకో రకం బండ్లు సూర్యలంక, మంగినపూడి బీచ్‌లకు వెళ్లొచ్చినవి. ఇసుకలో దిగి, ఉప్పునీళ్లు తగిలి, ఇంటికొచ్చాక పైన తళతళా కడుగుతారు. కింద మాత్రం ఎవరూ పైపు పెట్టరు. కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా స్టెప్నీ దించని బండ్లయితే చెప్పనే అక్కర్లేదు.

ఇలాంటి బండి వస్తే ముందు ట్రాలీ జాకీతో స్టెప్నీని కింది నుంచి కాస్త పైకి ఎత్తి, చెయిన్ మీద బరువు లేకుండా చేస్తాం. తర్వాత వించికి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఆగుతాం. రాడ్డుతో కొంచెం ఇటు, కొంచెం అటు కదిలించి మళ్లీ స్ప్రే కొట్టి మళ్లీ ఆగుతాం. పని తక్కువ, ఆగడం ఎక్కువ. ఆ ఆగినంతసేపూ మాకున్న ఒక్క బే, అంటే బండి నిలిపి పనిచేసే చోటు, ఆ బండికే పోతుంది, వెనక ఇద్దరు ముగ్గురు హారన్ కొడుతుంటారు. నేను 300 అడుగుతున్నది ఆ టైముకే.

"మీ దగ్గర గన్ను ఉంది కదా, టకటకా తిప్పేయొచ్చుగా" అంటారు. గన్ను అంటే వీల్ నట్లను టకటకా విప్పే మిషన్. దాని దెబ్బకు వించి లోపలి చిన్న పళ్లు అరిగిపోతాయి. అరిగాక రాడ్డు తిరుగుతూనే ఉంటుంది, టైరు మాత్రం కదలదు. అప్పుడిక కోయడమే గతి. అందుకే ఎంత అర్జెంటన్నా స్టెప్నీకి గన్ను పెట్టం. కోయాల్సి వచ్చినా గ్రైండర్ వాడం. ట్యాంకు, బ్రేకు పైపులు అక్కడికి ఎంతో దూరంలో ఉండవు, నిప్పురవ్వలతో ఆటలొద్దు. టైరు కింద జాకీ ఆనించి, కట్టర్‌తోనో హాక్సా బ్లేడుతోనో కోస్తాం. మా కుర్రాళ్లను జాకీ మీద ఉన్న బండి కింద పడుకోమని అడగొద్దు. ఒకాయన మొన్న వాళ్లకు ఐదు వందలు చూపించి మరీ అడిగారు. డబ్బు విషయం కాదు సార్ అది.

తాళాల గురించి కూడా చెప్పాలి. స్టెప్నీ దొంగతనాలు నిజమే, రాత్రిపూట లారీల మధ్య ఆపిన ఇన్నోవా కింద నుంచి మాయం చేస్తారు. అందుకని చాలామంది గొలుసు చుట్టి తాళం వేస్తున్నారు. తాళం వేయడం మంచిదే. కానీ చవక ఇనుప తాళం రెండు వానాకాలాలకే తుప్పుపట్టి రాయి అవుతుంది. అది తెరుచుకునే స్థితిలో ఉన్నా తాళంచెవి హైదరాబాద్‌లో ఇంటి గూట్లో ఉంటుంది, బండి నకిరేకల్ దగ్గర ఆగి ఉంటుంది. ఆ చవక రకం అమ్మడం మానేశాం. ఇత్తడి తాళం తెచ్చుకుంటే ఉచితంగా బిగిస్తాం. చెవి మాత్రం బండి కీచైన్‌కే ఉండాలి.

300 మిగుల్చుకోవాలంటే ఈ ఆదివారం ఇంటి ముందు, వెలుగులో, ఒకసారి మీరే స్టెప్నీ దించి చూడండి. ముందు రాడ్డు ముక్కలు, జాకీ, వీల్ పానా బండిలో ఉన్నాయో లేదో వెతకండి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు మరీ ముఖ్యంగా చూడాలి. వూఫర్ పెట్టించినప్పుడో, సీఎన్‌జీ సిలిండర్ బిగించినప్పుడో టూల్ కిట్ తీసి పక్కన పెట్టి, అక్కడే మర్చిపోతుంటారు. ఆ రాడ్డు లేకపోతే స్క్రూడ్రైవర్‌తో ఆ రంధ్రంలో ఎంత కెలికినా లాభం లేదు. టైరు దిగితే వించికి పల్చటి నూనె స్ప్రే కొట్టండి. గ్రీజు దట్టంగా పూయకండి, దుమ్మంతా దానికే అతుక్కుంటుంది. టైరు ఏ వైపు పైకి ఉందో ఫోన్లో ఫొటో తీసి, అలాగే తిరిగి పెట్టండి. పైకి చుట్టేటప్పుడు టైరు సమంగా ఎక్కుతోందా లేదా చూడండి. గట్టిపడ్డాక కాలితో తంతే ఊగకూడదు. వదులుగా వేలాడే స్టెప్నీ హైవే మీద ఊడిపడితే వెనక వచ్చే బైకువాడి గతేంటో ఆలోచించండి.

దించినప్పుడే టైరు పక్కన ఉండే నాలుగంకెల నంబర్ చూడండి. 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారైందని లెక్క. ఒక్క కిలోమీటరు తిరగకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది. అంత పాత స్టెప్నీ మీద ఇంటికి చేరొచ్చు కానీ, విజయవాడ దాకా వంద మీద లాగొద్దు. గాలి కూడా చూడండి. బంకులో నాలుగు టైర్లకూ కొట్టించుకుంటారు, కింద ఉన్నదాని వాల్వ్ అందదు కాబట్టి దాన్ని వదిలేస్తారు. దించాక చూస్తే అది కూడా ఫ్లాటే.

ఇక రోడ్డు మీద పంక్చర్ అయితే వరుస గుర్తుపెట్టుకోండి. బండిని వీలైనంత ఎడమకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు పెట్టండి. జాకీ ఎక్కించకముందే స్టెప్నీ దించి బయటికి లాగండి. వీల్ నట్లు కూడా టైరు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయాలి. పోయింది వెనక టైరైతే బండి కుంగి, స్టెప్నీ దిగినా బంపర్ కింద ఇరుక్కుంటుంది. అప్పుడు జాకీతో బండిని కాస్త లేపి, స్టెప్నీని రాడ్డుతో లాగండి. చెయ్యి, తల లోపలికి పెట్టొద్దు. పంక్చరైన టైరు బండి లోపలే వేసుకుంటే కిందున్న ఖాళీ చెయిన్‌ను పైకి చుట్టేయడం మరవొద్దు. ఫార్చ్యూనర్ లాంటి బండి చక్రం ముప్పై కేజీల దాకా ఉంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఒంటరిగా ఎత్తకండి. రాత్రిపూట చోటు బాగాలేదనిపిస్తే 1033కు ఫోన్ చేయండి, అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్. నాకు చేసినా వస్తాను కానీ, పంతంగి టోల్ దగ్గరున్న బండికి సూర్యాపేట నుంచి నేను వచ్చేసరికి మీ ఓపిక అయిపోతుంది.

కొత్త బండ్లవాళ్లకు ఒక మాట. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్, గాలి తగ్గితే చెప్పే సెన్సార్లు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో కేంద్రం రూల్ మార్చింది. కాబట్టి మీ బండికి అసలు స్టెప్నీ ఉందో లేదో తెలుసుకోండి. మేకు గుచ్చుకుంటే కిట్ పనిచేస్తుంది. టైరు పక్క గోడ చీలితే మాత్రం పనికిరాదు.

మా వైపు నుంచి ఒక మార్పు. ఇక నుంచి అలైన్‌మెంటుకు వచ్చిన ప్రతి బండికీ స్టెప్నీ దించి, గాలి చూసి, వించికి నూనె కొట్టి పంపిస్తాం. బిగుసుకుపోనంతవరకు దీనికి డబ్బుల్లేవు. వద్దన్నవాళ్ల బిల్లు మీద "స్టెప్నీ చూడలేదు" అని రాస్తాను, కోపం తెచ్చుకోకండి. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు జనవరి మొదటి వారంలోనే రండి. భోగికి ముందు మూడు రోజులు బిగిసిన స్టెప్నీల పని పెట్టుకోం. ఆ రోజుల్లో ఆంధ్రా వైపు వెళ్లే బండ్ల లైను ఎలా ఉంటుందో మీరే చూస్తుంటారు.

చెయిన్ కోసిన బండ్లకు కొత్త వించి సెట్టు కంపెనీదే తెప్పిస్తాం. దాని బిల్లు మీకే ఇస్తాను, బిగింపు కూలీ ఆ 600లోనే కలిసి ఉంటుంది. పార్టు రావడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చు. అప్పటిదాకా మూడో వరుస సీటు మడిచి స్టెప్నీని లోపలే పడుకోబెట్టి, బెల్టుతో కట్టి పంపిస్తాం. బెల్టు మాత్రం తిరిగి తెచ్చివ్వండి, ఇప్పటికే చాలా పోయాయి.