చెన్నై నుంచి మైనం: కారులో తెచ్చుకోవాలా, లారీకి వేయించుకోవాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంట్లోనే కొవ్వొత్తులు పోసి అమ్ముకునేవాళ్ల సంఖ్య పెరుగుతోంది. కార్తీక మాసానికి మైనపు ప్రమిదలు, క్రిస్మస్‌కు పొడుగు కొవ్వొత్తులు, ఏడాది పొడవునా గాజు జార్లలో సువాసన కొవ్వొత్తులు. వీళ్లలో చాలామంది నోట వినిపించే మాట ఒకటుంది: పార్శిల్‌కు డబ్బులు తగలేయడం ఎందుకు, కారేసుకుని చెన్నైలోని ప్యారీస్ హోల్‌సేల్ బజారుకు పోయి తెచ్చుకుంటే చవక కదా అని. ఈ మాట కొన్ని సరుకుల విషయంలో నిజమే. మైనం విషయంలో మాత్రం కాదు. చేసే ఖర్చులో పెద్ద భాగం మైనమే కనుక ఈ లెక్క తప్పితే మిగతా అన్ని లెక్కలూ తప్పుతాయి.

ముందు కారు సంగతి. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా ప్యారీస్‌కు పోనూ రానూ, ఊళ్లో తిరుగుడుతో కలిపి 300 కిలోమీటర్లు వేసుకోవాలి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 20 లీటర్ల పెట్రోలు. మన వైపు లీటరు ధర ఎక్కువ, తమిళనాడులో తక్కువ కాబట్టి సగటున 105 వేసినా 2,100 రూపాయలు. టోల్‌గేట్లకు 300, పార్కింగ్‌కూ తిండికీ 500. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది, మొత్తం 2,900 అంటారు. కానీ టైర్ల అరుగుదల, ఆయిలు, సర్వీసు కలిపితే కిలోమీటరుకు రెండున్నర రూపాయలకు తక్కువ పడదు. అది మరో 750. వెళ్లేది ఇద్దరు. వాళ్లిద్దరికీ ఆ రోజు పని పోయినట్టే. తలా 600 కూలి కట్టినా 1,200. అంతా కలిపి 4,850 రూపాయలు.

ఈ కూలి కాలమ్‌లో సున్నా వేయడం అలవాటైపోయింది. ఇంట్లో ఆడవాళ్లు పోసే కొవ్వొత్తులు కదా, వాళ్ల రోజుకు ఖర్చేముంది అనుకుంటారు. ఆ రోజు అచ్చులు ఖాళీగా పడి ఉన్నాయి, ఆర్డరు ఒక రోజు వెనక్కి పోయింది, మర్నాడు రాత్రి పది దాకా పొయ్యి దగ్గర నిలబడింది కూడా ఆ ఇంటి ఆడమనిషే. దానికి వెల కట్టని లెక్క లెక్కే కాదు.

ఇక్కడి చిల్లర దుకాణం ధర కంటే చెన్నైలో కిలోకు 30 రూపాయలు తక్కువ దొరికిందనుకుందాం. 4,850ని 30తో భాగిస్తే దాదాపు 162. అంటే 162 కిలోల మైనం తెస్తే కారు ఖర్చు తిరిగొస్తుంది, లాభం మొదలయ్యేది 163వ కిలో నుంచి. చిన్న కారులో ఇద్దరు మనుషులు కూర్చున్నాక అంత బరువు అంటే వెనక సస్పెన్షన్ కుంగిపోతుంది. అంతా డిక్కీలో పేర్చకుండా సగం వెనక సీటు కింద, కాళ్ల దగ్గర పరచాల్సి వస్తుంది. ఆదా చేద్దామని పోయి కారును లారీ చేసినట్టు అవుతుంది.

లారీ పార్శిల్ సంగతి చూడండి. కిలోకు 7 రూపాయల బాడుగ, రసీదు ఖర్చు, హమాలీ, లారీ ఆఫీసు నుంచి ఇంటికి ఆటో కలిపి మరో 300 అనుకుందాం. అదే 30 రూపాయల తేడాలో 7 పోగా కిలోకు 23 మిగులుతుంది. 300ని 23తో భాగిస్తే దాదాపు 13. కారుకు 162 కిలోలు కావలసిన చోట లారీకి 13 కిలోలు చాలు. 50 కిలోలు తెప్పిస్తే 350, దానికి 300 కలిపి 650, అంటే కిలోకు 13 రూపాయలు. అదే 50 కిలోలను కారులో తెస్తే కిలోకు 97. నేను వేసిన 7, 30 అంకెలు లెక్క కోసమే. మైనం ధర క్రూడ్ ఆయిల్‌తో పాటు కదులుతుంది, లారీ బాడుగ ఆఫీసుకో రేటు. కొనే రోజు ఫోన్లో అడిగిన అంకెలు పెట్టి ఇదే పద్ధతిలో మళ్లీ వేసుకోవాలి.

చెన్నైలో మైనం చవకగా దొరకడానికి కారణం లేకపోలేదు. చెన్నైకి ఉత్తరాన ఉన్న మనలిలోని చెన్నై పెట్రోలియం రిఫైనరీలో పారాఫిన్ మైనం తయారవుతుంది. సరుకు పుట్టే చోటికి మనం 150 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాం. ఈ దగ్గరితనం లారీలో తెప్పించుకున్నా మనకు దక్కుతుంది, దానికోసం మనిషే పోనక్కర్లేదు.

ఫోన్లో అడిగేటప్పుడు నాలుగు విషయాలు రాసిపెట్టుకోవాలి. మైనం కరిగే ఉష్ణోగ్రత ఎంత: 56–58 డిగ్రీలా, 58–60 ఆ, 60–62 ఆ. పూర్తి రిఫైన్డా (నూనె బాగా తీసేసినది), సెమీ రిఫైన్డా (కొంత నూనె మిగిలినది). చెప్పిన ధరలో జీఎస్టీ ఉందా లేదా. పెట్టె బరువుతో కలిపా, నికర బరువా. పారాఫిన్ మైనంపై 18 శాతం పన్ను ఉంది. ఒక వ్యాపారి పన్ను లేకుండా చెప్పిన ధరను, ఇంకొకరు పన్నుతో చెప్పిన ధరతో పోల్చితే తేడా అంతా అక్కడే మాయమవుతుంది. జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లకు ఆ పన్ను తర్వాత సర్దుబాటవుతుంది, లేని చిన్న యూనిట్లకు అది నికరంగా ఖర్చే. బిల్లు మాత్రం ఎవరైనా తీసుకోవాలి, సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం) కూడా. సొంత కారులో తెచ్చినా ఈ నియమం మారదు.

బుకింగ్ 'గోడౌన్ డెలివరీ', 'టు పే' అని చేయించుకుంటే సరుకు చేరాక ఇక్కడి లారీ ఆఫీసులో బాడుగ కట్టి విడిపించుకోవచ్చు. రసీదు ఫోటో వెంటనే తెప్పించుకోవాలి. అందులో పెట్టెల సంఖ్య, బరువు బిల్లుతో సరిపోతున్నాయో చూడాలి. విడిపించేటప్పుడు పెట్టె చిరిగి ఉంటే సంతకం పెట్టక ముందే రసీదు మీద ఆ మాట రాయించాలి. సంతకం అయ్యాక చెప్పిన మాట నెగ్గడం కష్టం. 20, 25 కిలోల చిన్న పార్శిళ్లకు ఆర్టీసీ కార్గో కూడా పనికొస్తుంది, బస్టాండు దగ్గరే తీసుకోవచ్చు కాబట్టి ఆటో ఖర్చు తగ్గుతుంది.

ఆన్‌లైన్‌లో 'ఉచిత డెలివరీ' అని ఉన్నవాటిని చూసి మోసపోవద్దు. 5 కిలోల సోయా మైనం 1,600 అంటే కిలో 320. హోల్‌సేల్‌లో 230కి దొరికే రోజున కిలోకు 90 రూపాయల బాడుగ అందులోనే కలిపి ఉందని అర్థం. కొత్తగా నేర్చుకునేవాళ్లు రెండు కిలోలు తెప్పించుకోవడానికి అది సరే. వ్యాపారానికి కాదు.

మైనం బరువు మీద నడుస్తుంది. జార్ల లెక్క వేరు, అవి చోటు మీద నడుస్తాయి. కొరియర్ వాళ్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఎక్కువగా 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 25 కిలోల మైనం పెట్టెకు ఆ లెక్కలో 6 కిలోలే వస్తుంది కాబట్టి అసలు బరువుకే కడతాం, నష్టం లేదు. 200 మిల్లీలీటర్ల గాజు జార్లు 48 తీసుకోండి. ఒక్కోటి 200 గ్రాములు, ప్యాకింగుతో కలిపి దాదాపు 11.6 కిలోలు. పగలకుండా పెట్టెలో పెట్టె పెట్టి, బబుల్ షీటుతో కడితే బయటి పెట్టె 60, 45, 32 సెంటీమీటర్లు అవుతుంది. గుణించి భాగిస్తే 17.28. దాదాపు ఆరు కిలోల గాలికి బాడుగ కడుతున్నాం. రేకు డబ్బాలకైతే ఇంకా ఘోరం: 48 డబ్బాలు రెండు కిలోలే తూగుతాయి, పెట్టె మాత్రం ఏడు కిలోల లెక్కకు వస్తుంది. అందుకే డబ్బాలు కొరియర్‌లో కాకుండా మైనంతో పాటే లారీలో వేయించుకోవాలి.

గాజుకు పగులుడు బెడద కూడా ఉంది. లారీ రసీదుల మీద చాలావరకు 'ఓనర్స్ రిస్క్' అని ఉంటుంది, పగిలితే తమ బాధ్యత లేదంటారు. 45 రూపాయల జార్లు 48లో నాలుగు పగిలితే 180 నష్టం. మిగిలిన 44 మీద పంచితే జారుకు నాలుగు రూపాయలు పెరుగుతుంది. జార్లు కారులో తెచ్చుకోవడం న్యాయమే అనిపించేది ఇందుకే. అయితే జార్ల కోసమే ప్రత్యేకంగా పోవడం కాదు. ఆసుపత్రికో, విమానాశ్రయానికో, పెళ్లి బట్టలకో ఎటూ చెన్నై పోతున్నప్పుడు తేవాలి. అప్పుడు పెట్రోలు, టోలు ఆ పని ఖాతాలోకి పోతాయి, జార్ల ఖాతాలో ప్యారీస్ దాకా అదనంగా తిరిగిన దూరం, పార్కింగ్ మాత్రమే పడతాయి. ప్యారీస్ సందుల్లోకి పగలు కారు తీసుకెళ్లడం కుదరని పని. దూరంగా నిలిపి, ట్రైసైకిల్ మీద సరుకు కారు దాకా తెప్పించుకోవాలి. జార్లు పడుకోబెట్టకుండా నిలబెట్టే పేర్చాలి, మైనం పెట్టెలు వాటి మీద పెట్టకూడదు.

సువాసన నూనెలు దీనికి పూర్తిగా తిరగేసిన సరుకు. ధర ఎక్కువ, బరువు తక్కువ. 25 కిలోల మైనానికి 6 శాతం చొప్పున కిలోన్నర నూనె చాలు. దానికి కొరియర్ 150 రూపాయలు అయినా 170 గ్రాముల మైనం పోసే జారు మీద రూపాయి చిల్లరే పడుతుంది. నూనెలు మండే గుణమున్నవి కాబట్టి విమాన పార్శిల్‌లో తీసుకోకపోవచ్చు, సర్ఫేస్‌లోనే, అంటే రోడ్డు మార్గంలోనే వేయమని చెప్పాలి. మూత చుట్టూ టేపు వేయించి, ఒక్కో సీసా విడి కవరులో పెట్టించాలి. లేకపోతే మల్లె నూనె కారి వత్తుల కట్టంతా మల్లె వాసన పట్టేస్తుంది, తర్వాత ఆ వత్తితో గంధం కొవ్వొత్తి పోయలేరు. వీటిని పట్టుకుని రైలెక్కడం మాత్రం వద్దు. మండే సరుకు రైల్లో తీసుకెళ్లడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు ఉంది. వత్తులు, వాటిని నిలబెట్టే రేకు బిళ్లలు తేలిక, ఏ పార్శిల్‌లో కలిపినా పర్వాలేదు, తడి తగలకుండా ఉంటే చాలు.

ఎండాకాలం గురించి మరో మాట. జార్లలో పోసే సోయా మైనం 45–50 డిగ్రీలకే మెత్తబడుతుంది. మే నెలలో మన దగ్గర నీడలోనే 42 దాటుతుంటే, ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. రేకులుగా ఉన్న మైనం సంచంతా ఒకే ముద్ద అయిపోతుంది. సరుకు చెడదు, కానీ తూకం వేయడానికి కత్తితో నరుక్కోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సోయా మైనం సాయంత్రం బుక్ చేసి రాత్రి లారీలో రప్పించుకోవడమే మంచిది. 58–60 పారాఫిన్ పలకలకు ఆ ఇబ్బంది తక్కువ.

కొత్త వ్యాపారి దగ్గర మొదటిసారి కొనేటప్పుడు మాత్రం మనిషి పోవాల్సిందే. సరుకు చేతితో పట్టి చూడాలి. పూర్తి రిఫైన్డ్ పలక తెల్లగా, గట్టిగా ఉంటుంది. అంచు విరిస్తే టక్కున విరుగుతుంది, వేలికి జిడ్డు అంటదు. సెమీ రిఫైన్డ్ కొంచెం పసుపు, విరిచేముందు వంగుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కిరోసిన్ వాసన తగులుతుంది. ఒక ముక్క తెచ్చి న్యూస్‌పేపర్ మధ్య రాత్రంతా బరువు కింద పెడితే, నూనె ఎక్కువున్న మైనమైతే తెల్లారేసరికి కాగితం మీద మరక కనిపిస్తుంది. అలాంటి మైనంతో పోస్తే కొవ్వొత్తి పైకి నూనె చెమ్మ తేలుతుంది, పొగ వస్తుంది. ఆ ముక్క మీద తేదీ, కొట్టు పేరు రాసి దాచుకుంటే తర్వాత లారీలో వచ్చే ప్రతి సరుకునూ దానితో పోల్చుకోవచ్చు. ఒక్క ప్రయాణంతో ఏడాది ఫోన్ ఆర్డర్లకు ధైర్యం వస్తుంది.

నాలుగు ఇళ్లవాళ్లు కలిసి 200 కిలోలు ఒకే రసీదు మీద తెప్పించుకుంటే ఇంకా మేలు. బాడుగ 1,400, మిగతా ఖర్చులు పెరిగి 450 అయినా మొత్తం 1,850, అంటే కిలోకు తొమ్మిది రూపాయల చిల్లర. విడివిడిగా 50 కిలోలు తెప్పిస్తే 13 పడేది. హోల్‌సేల్ వ్యాపారి కూడా 200 కిలోలకు ధర తగ్గించి మాట్లాడతాడు. డ్వాక్రా, మెప్మా సంఘాల్లో ఈ పని చేస్తున్న మహిళలకు ఇది ఇంకా సులువు: ఖాతా ఉంది, పుస్తకం రాసే మనిషి ఉంది. ఈ సంఘాల అధికారులు నెలకొక ఉమ్మడి ఆర్డరు పెట్టించే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. దీనికి కొత్త పథకం అక్కర్లేదు. ఒక ఫోను, ఒక రిజిస్టరు, సరుకు దించుకుని తూచి పంచడానికి ఒక గది చాలు.

ఆ ఉమ్మడి ఆర్డరు దీపావళికీ కార్తీకానికీ కావలసింది సెప్టెంబరు సగానికల్లా ఇక్కడికి చేరాలి. తర్వాతవి తుఫాను నెలలు. 2021 నవంబరులో తిరుపతి నీట మునిగినప్పుడు, 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్‌కు చెన్నై మునిగినప్పుడు రెండు ఊళ్ల మధ్య రాకపోకలు దెబ్బతిన్నాయి. అలాంటి వారంలో కారుకైనా లారీకైనా దారి ఉండదు.

ఇట్లు,
కొవ్వొత్తుల తయారీదారులు,
తిరుపతి