ఇంజను సంగతి కోసమే రాస్తున్నానని అనుకోవద్దు

చండూరు

చిరంజీవి నరేశ్‌కు నాయన ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి. సుజాత సంబంధం గురించి మునుగోడు వాళ్లు మళ్లీ కబురు పంపారు గాని, వాళ్ల పెద్దమనిషి ఏ మాటా తేల్చి చెప్పడం లేదు. వానలు ఆలస్యమైనా వదలకుండా పడడంతో పత్తి చేలో కలుపు విపరీతంగా లేచింది. నువ్వు బోనాలకు వచ్చి వెళ్లిన తర్వాత ఒక్కసారైనా ఫోన్ చేయలేదని అమ్మ ప్రతి పూటా అంటున్నది. పరీక్షలు ఉన్నాయేమోనని నేనే సర్ది చెబుతున్నాను. పరీక్షలు ఉన్నాయా?

కలుపు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. యాదగిరి మామ తన పవర్ వీడరు మొరాయించిందని, మన పాతదాని ఇంజను నాలుగు రోజులు ఇవ్వమని అడిగాడు. గేరు డబ్బా పగిలిన తర్వాత ఆ ఇంజను విప్పి కొట్టంలో మూలకు పెట్టిన సంగతి నీకు తెలుసు. తార్పాలిన్ తీసి చూస్తే దాని కింద పాత టైరు, రెండు ఇటుకలు ఉన్నాయి. ఇటుకలు పెట్టిన మనిషి తెలివిగలవాడే, ఎత్తు సరిగ్గా సరిపోయింది. పదిహేను కిలోల ఇంజను గోనెసంచిలో సులువుగా పడుతుంది. నువ్వు వెళ్లేనాడు ఆ సంచిలో బియ్యం ఉన్నాయనుకొని మీ అమ్మ పైన మురుకుల డబ్బా కూడా పెట్టి కట్టింది. ఆ ఇంజను పోయినందుకు నాకు బాధ లేదు, దాని గురించి నిన్ను అడగడం లేదు.

యాదగిరి మామ కొడుకు మొన్న షాపుకు వచ్చి తన ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అందులో మోకాలి ఎత్తు బండి మీద ఒక పిల్లవాడు రాత్రిపూట హైదరాబాదు ఔటర్ సర్వీసు రోడ్డు మీద వంగి కూర్చొని పోతున్నాడు. వెనుక ఎవరో ఈలలు వేస్తున్నారు. ముఖం సరిగా కనబడలేదు గాని, కాళ్లకు ఉన్న నీలం పట్టీల చెప్పులు మాత్రం నేను నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కొన్నవే. వేరే పిల్లవాడు కూడా అటువంటి చెప్పులే కొని ఉండవచ్చు, నేను కాదనడం లేదు. ఎవరైనా సరే, ఆ వేగంలో బండి మీద చెప్పులతో కూర్చోవడం ఏమిటి? అమ్మకు ఆ వీడియో చూపించలేదు.

నేను వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం మొదలు పెట్టలేదు. మినీ బైకు అనేది కొత్త పిచ్చి కాదు. హోండా వాళ్లు 1961లో టామా టెక్ అనే వినోద ఉద్యానంలో పిల్లలు తొక్కడానికి చేసిన బండే తర్వాత మంకీ అనే పేరుతో లోకమంతా తిరిగిందని నువ్వే ఒకసారి చెప్పావు. ఇంజను అంటే ఇష్టం ఉన్నవాడికి దాన్ని విప్పాలని, ఇంకొంచెం పరుగెత్తించాలని అనిపిస్తుంది. నాకు నచ్చనిది ఒక్కటే. ఇంజనులో ఏ భాగం ఎంతవరకు తట్టుకుంటుందో చూడకుండా, సులువుగా చేతికి అందిందని, ఇంజను వేగాన్ని హద్దులో ఉంచే గవర్నరును ముందు పీకేస్తారు. ఆ వీడియోలోని ఇంజను చప్పుడు నేను రెండుసార్లు విన్నాను. అది నిమిషానికి 3600 సార్లు తిరిగే ఇంజను చేసే చప్పుడు కాదు.

మల్లయ్య పెద్దనాయన ఎడమచేత్తో ఎందుకు తింటాడని చిన్నప్పుడు అడిగావు. అప్పుడు నీకు సరిగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. గుట్ట కింది బావి మీద అప్పట్లో కరెంటు లేదు, ఆయిల్ ఇంజను ఉండేది. ఇంజనుకు, పంపుకు మధ్య వెడల్పాటి బెల్టు తిరిగేది. ఆ ఏడు వానలు ముందే వెనక్కి పోయాయి. వరి పొట్ట మీద ఉంది, బావిలో ఊట ఉంది గాని, ఇంజను పోసే నీళ్లు చివరి మడి దాకా పారడం లేదు. కింది మడి మనది, పై మడి వాళ్లది కనుక తాతకూ పెద్దనాయనకూ రోజూ మాటామాటా అయ్యేది. మీ తాత సంగతి నీకు తెలుసు, మాట అన్న తర్వాత అన్నం ముట్టడు. నాయనమ్మ గిన్నె పట్టుకొని బావి దాకా నడిచేది. ఒకనాడు పెద్దనాయన కంచె కట్టే ఇనుప తీగ తెచ్చి, గవర్నరు లీవరు వెనక్కి పోకుండా మూడు చుట్లు చుట్టి, కటింగ్ ప్లేయరుతో బిగించాడు. ఇంజను ఊపందుకుంది. పైపు నుంచి నీళ్లు అంతకు ముందు పడే చోటు దాటి అవతల పడసాగాయి. ఊళ్లో నుంచి మనుషులు వచ్చి చూసి మెచ్చుకున్నారు. తాత కూడా మెచ్చుకొని ఆ రాత్రి అన్నం తిన్నాడు. కొన్ని రోజులు బాగానే నడిచింది.

ఒక మధ్యాహ్నం బెల్టు అతుకు దగ్గర కొక్కేలు ఊడి, బెల్టు పాములాగా లేచి కింద పడ్డది. ఇంజను మీద ఉన్న బరువంతా ఒక్క క్షణంలో పోయింది. మామూలుగా అయితే అప్పుడు గవర్నరు నూనెను తగ్గించి ఇంజనును అదుపులో పెడుతుంది. దాని పని అదే. తీగ కట్టి ఉంది కనుక నూనె అంతే పోయింది, ఇంజను అరుపు సన్నబడుతూ పైకి పోయింది. అందరూ పరుగెత్తారు. పెద్దనాయన మాత్రం ఆపుదామని దగ్గరికి పోయి, ఇంజనును ఆపే డీకంప్రెషను లీవరు మీద చెయ్యి వేశాడు. ఫ్లైవీలు పగిలి ఒక ముక్క రేకుల కప్పును చీల్చుకొని పోయింది, ఇంకొకటి రాతి గోడను విరిచింది. ఆయన చేతికి తగిలింది చిన్న ముక్కే. హైదరాబాదు తీసుకుపోయినా చెయ్యి నిలవలేదు. మర్నాడు నేను తాతతో కలిసి బావి దగ్గరకు వెళ్లి చూశాను. ఫ్లైవీలు లేదు, గోడ లేదు, ఆ తీగ మూడు చుట్లు మాత్రం లీవరుకు అట్లాగే బిగిసి ఉన్నాయి.

నీ బండిలో బెల్టు లేదు, చైను ఉంది. గవర్నరు లేకపోతే, చైను తెగినా, యాక్సిలరేటరు పట్టుకుపోయినా అదే జరుగుతుంది. ఆ బావి దగ్గర మనుషులకు పరుగెత్తడానికి చోటు ఉండేది. నీ ఇంజను మాత్రం నీ రెండు మోకాళ్ల మధ్యనే ఉంటుంది, ఆ పైన పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

కొట్టంలో ఉండవలసిన ఆ ఇంజను 163 సీసీ. పిస్టను బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 45 మిల్లీమీటర్లు. చేసినవాడు దాన్ని 3600 తిరుగుళ్ల కోసం చేశాడు. 5400 తిప్పితే తిరుగుడు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది గాని, కనెక్టింగ్ రాడ్డు మీద, ఫ్లైవీలు మీద పడే లాగుడు రెండుంపావు రెట్లు అవుతుంది. రాడ్డు పోత అల్యూమినియంది, దానికి వేరే బేరింగు పొరలు లేవు. ఆయిల్ పంపు కూడా లేదు. రాడ్డు అడుగున ఉన్న చిన్న గరిటె ముంచి చిలకరిస్తేనే నూనె అందుతుంది. ఫ్లైవీలు పోత ఇనుముది. కవాటాల స్ప్రింగులు కూడా ఆ వేగానికి చేసినవి కావు, ఒక హద్దు దాటితే కవాటాలు సమయానికి మూసుకోవు. గవర్నరు తీయాలని గట్టి పట్టుదల ఉంటే ముందు దిట్టమైన రాడ్డు, గట్టి లోహపు దిమ్మె నుంచి కోసిన ఫ్లైవీలు, గట్టి స్ప్రింగులు, ఈ మూడూ వేసిన తర్వాతే దాని మీద చెయ్యి వేయాలి. పైన లింకు మాత్రం ఊడదీసి వదిలేస్తే లోపల గవర్నరు గేరు, దాని బరువులు తిరుగుతూనే ఉంటాయి. అవి ఎక్కువ వేగానికి విరిగి క్రాంకులో పడవచ్చు. సైడు కవరు విప్పి వాటిని పూర్తిగా తీసి, గవర్నరు రాడ్డు వచ్చే రంధ్రాన్ని నూనె కారకుండా మూయాలి. ఇదంతా లేతు దగ్గర నిలబడి చేయించవలసిన పని, హాస్టలు మెట్ల మీద చేసేది కాదు.

వేగమే కావాలంటే గవర్నరును ముట్టకుండా ఇంకొక దారి ఉంది. క్లచ్చు మీద 12 పళ్లు, వెనుక చక్రానికి 72 పళ్లు, 14 అంగుళాల టైరు ఉంటే 3600 దగ్గర బండి గంటకు సుమారు 40 కిలోమీటర్లు పోతుంది. వెనుక 60 పళ్ల స్ప్రాకెట్టు వేస్తే అదే ఇంజను, అదే చప్పుడుతో 48 దాకా పోతుంది. కదిలేటప్పుడు మందంగా ఉంటుంది, ఎత్తు ఎక్కితే క్లచ్చు కాలిన వాసన వస్తుంది, అంతే. ఆ 40 నీకు చాలడం లేదా? చిన్న చక్రాలతో, స్ప్రింగులు లేని బండి మీద 40 అంటే పెద్ద బండి మీద 80 లాగానే ఉంటుంది. గుంతలో చక్రం సగం దిగుతుంది.

ఎయిర్ ఫిల్టరు తీసి, సైలెన్సరు కోసి, కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే జెట్టు మార్చకుండా నడిపేవాళ్లను నేను షాపులో రోజూ చూస్తున్నాను. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే ఇంజను వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. ప్లగ్గు విప్పి చూసుకో. కొన మీద లేత గోధుమరంగు ఉంటే మంచిది, సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే వెంటనే ఆపి పెద్ద జెట్టు వేయాలి. మన దగ్గర దుమ్ము సంగతి నీకు తెలుసు కదా, ఫిల్టరు లేకుండా ఒక సీజను కూడా బోరు నిలవదు. ఆయిలు అర లీటరుకు కొంచెం పైగా పడుతుంది. నడిపిన ప్రతిసారీ ముందు పుల్ల తీసి చూడు. నువ్వు చూడవు, ఇంట్లో మోటారుసైకిలుకు కూడా ఎప్పుడూ చూడలేదు.

బ్రేకుల గురించి ఆ పిల్లవాడు ఏమి చేశాడో వీడియోలో కనబడలేదు. వేగం 40 నుంచి 60కి పోతే, బ్రేకు పట్టిన తర్వాత ఆగడానికి పట్టే దూరం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది. టైరుకు రాసుకొనే రేకు బ్రేకు, లేదా వెనుక ఒక్క బ్యాండు బ్రేకు ఉంటే చాలదు. వెనుక డిస్కు, ముందు కూడా ఒక బ్రేకు ఉండాలి, అవి రెండూ పనిచేసిన తర్వాతే ఇంజనులో వేలు పెట్టాలి. తోపుడు బండి చక్రాలు వేశారేమోనని నాకు అనుమానం. అవి మనిషి నడిచే వేగానికి చేసినవి. యాక్సిలరేటరుకు ఒక స్ప్రింగు తెగినా ఇంకొకటి వెనక్కి లాగేటట్టు రెండు వేయాలి. మణికట్టుకు తాడుతో కట్టుకొనే కిల్ స్విచ్చు పెట్టు, పడిపోయినప్పుడు ఇంజను తానే ఆగుతుంది. చైనుకు రేకు తొడుగు లేకుండా ఆ బండి దగ్గరికి ఎవరినీ రానివ్వకు.

రోడ్డు గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని బండిని బహిరంగ స్థలంలో నడపరాదు. ఇంట్లో అతికించిన మినీ బైకుకు రిజిస్ట్రేషను ఎవరూ చేయరు, ఇన్సూరెన్సు ఎవరూ ఇవ్వరు. రాత్రి సర్వీసు రోడ్డు మీద ఎవరైనా ముసలాయన అడ్డం వస్తే, అతని ఇంటికి నేను ఏ ముఖంతో వెళ్లాలి? నీ స్నేహితుడు సాయి తన బండి సైలెన్సరు మార్చాడని విన్నాను. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షను కింద ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని ఉంటాయని అతనికి చెప్పు. మీ సీనియర్లు పీథంపూరులో ఇంజనీరింగు పిల్లలు తాము చేసిన బండ్లు నడిపే బాహా పోటీలకు వెళ్లి వచ్చి, అక్కడ అందరి గవర్నర్లను నిర్వాహకులే పరీక్షించి వదులుతారని చెప్పారన్నావు కదా. మీకన్నా ఎక్కువ చదివినవాళ్లు పెట్టిన నిబంధన అది.

నాకు తెలిసి మన ఊరి వెనుక గైరానులో గుంతలు లేని నేల ఉంది, సాయంత్రం పశువులు మళ్లిన తర్వాత ఎవరూ ఉండరు. బండిని అక్కడికి తెస్తే ముందు వెనుక చక్రం పైకి ఎత్తి ఒకసారి తిప్పి చూద్దాం, ఆ తర్వాత నేను నిలబడి ఉండగా నడుపు. నువ్వు నడిపేది అటువంటి బండి కాకపోతే ఈ మాట వదిలెయ్యి. మెస్సులో ఏమి తింటున్నావో రాయవు. చిక్కిపోయావని బోనాలనాడు నాయనమ్మ అన్నది, నేను గమనించలేదు అన్నాను.

శుక్రవారం యాదగిరి మామ బత్తాయి లోడు వేసుకొని బాటసింగారం మార్కెట్టుకు వస్తున్నాడు. ఆయనతో మడమ కప్పే బూట్లు, షాపులో ఉన్న మందపాటి చేతి తొడుగులు, రెండు యాక్సిలరేటరు స్ప్రింగులు, కిల్ స్విచ్చు, అమ్మ చేసిన నువ్వుల ముద్దలు పంపుతున్నాను. హెల్మెట్టు ఎవరి తలకైనా సరిపోయేది ఉండదు కనుక డబ్బులు పంపుతున్నాను, గడ్డం కింద పట్టీ బిగుతుగా ఉండేది చూసి కొనుక్కో. తెల్లవారి ఆరు గంటలకు మార్కెట్టు గేటు దగ్గర ఉండు, మామను నిలబెట్టవద్దు. తిరుగు ప్రయాణంలో లారీ ఖాళీగానే వస్తుంది, గోనెసంచి ఏదైనా పంపదలచుకుంటే ఆయనకు ఇవ్వు. సరుకులు అందగానే అమ్మకు ఫోన్ చెయ్యి, నాకు చేయకపోయినా పరవాలేదు.

మీ నాయన