అపు త్రయం పెట్టె కొనేముందు ఇది చదువు

మూర్తీ,

డిసెంబర్లో వస్తూ సత్యజిత్ రే అపు త్రయం (అపు అనే కుర్రాడి కథ చెప్పే పథేర్ పాంచాలీ, అపరాజితో, అపూర్ సంసార్) డిస్కులు తెస్తానని రాశావు, బ్లూ-రే తేవాలా, అంతకన్నా స్పష్టమైన 4కె తేవాలా అని అడిగావు. బ్లూ-రే చాలు. కానీ ఎందుకు చాలో తెలియాలంటే ఆ నెగటివ్‌లకి ఏం జరిగిందో తెలియాలి. అంతకన్నా ముందు, ఆ డిస్కు ఇక్కడ ఆడాలి కదా, ఆ సంగతి తేల్చుకుందాం.

బ్లూ-రేకి మూడు రీజియన్లు. మీ అమెరికా ఎ, బ్రిటన్, యూరప్‌లు బి, మన దేశం సి. ఈ పెట్టె వేసిన డిస్కుల కంపెనీ క్రైటీరియన్ వాళ్లు అమెరికాలో అమ్మే బ్లూ-రేలకి రీజియన్ ఎ తాళం ఉంటుంది. ఇక్కడి ప్లేయర్లో పెడితే ఈ డిస్కు ఈ ప్రాంతంలో ఆడదని తెర మీద రాసి ఊరుకుంటుంది. డీవీడీ ప్లేయర్లకైతే రిమోట్‌లో ఏవో అంకెలు నొక్కి తాళం తీసేవాళ్లం. బ్లూ-రే దగ్గర ఆ చిట్కా చాలా ప్లేయర్లకి పనిచేయదు, లోపల చిప్ మార్చాలి. 4కె డిస్కులకి రీజియన్ తాళం లేదు, కానీ వాటికి 4కె ప్లేయరే ఉండాలి. జాగ్రత్త, 4కె పెట్టెలో పక్కనే పెట్టే మామూలు బ్లూ-రేలకి మాత్రం తాళం అలాగే ఉంటుంది.

కాబట్టి నీ దగ్గర మూలన పడి ఉన్న ఆ పాత సోనీ ప్లేయర్ని కూడా సూట్‌కేసులో పడెయ్. వెనక లేబుల్ మీద కరెంటు ఎంత రాసి ఉందో చూడు. 100 నుంచి 240 వోల్టులని ఉంటే ప్లగ్ అడాప్టర్ ఒక్కటి చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230లో పెట్టిన క్షణంలో కాలిపోతుంది. దానికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లేయర్ తినేది 20, 30 వాట్లే, వంద వాట్లది ఇక్కడే ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది, అక్కణ్ణుంచి మోసుకురాకు. హెచ్‌డీఎంఐ తీగ ఉంటే ఏ టీవీ అయినా బొమ్మ తీసుకుంటుంది.

కొనడానికి నవంబర్ దాకా ఆగు. అక్కడి పుస్తకాల షాపు బార్న్స్ అండ్ నోబుల్ వాళ్లు ఏటా జూలైలో, నవంబర్లో క్రైటీరియన్ డిస్కులు సగం ధరకి పెడుతుంటారు.

ఇక నెగటివ్‌ల కథ. 1992లో రేకి గౌరవ ఆస్కార్ ఇవ్వాలనుకున్నప్పుడు, వేదిక మీద చూపించడానికి ఆయన సినిమాల ముక్కలు వెతికితే సరైన ప్రింట్లే దొరకలేదు. ఆయన కలకత్తాలో ఆసుపత్రి మంచం మీదే ఆ బహుమతి అందుకున్నారు, ఆ ఏప్రిల్ 23న పోయారు. ఈ సినిమాలని కాపాడాలనే పట్టుదల ఆస్కార్లు ఇచ్చే అకాడమీ వాళ్లకి అక్కడే మొదలైంది. మంచి కాపీలు తీయించడానికి అసలు నెగటివ్‌లు లండన్‌లోని హెండర్సన్స్ ల్యాబ్‌కి చేరాయి. 1993 జూలైలో ఆ ల్యాబ్ తగలబడింది. అక్కడ పాత నైట్రేట్ ఫిల్మ్ నిలవ ఉండేది, నైట్రేట్ ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆగదు, తనకి కావాల్సిన ఆక్సిజన్ తనే తయారుచేసుకుంటుంది. రే నెగటివ్‌లు కొన్ని బూడిదయ్యాయి, కొన్ని అంచులు మాడి, మెలికలు తిరిగి, చుట్ట చుట్టకి అంటుకుపోయాయి.

మాడిపోయిన ఆ డబ్బాలని ఎవరూ పారేయలేదు. అప్పట్లో వాటితో చేయగలిగిందేమీ లేదు, ఏ యంత్రంలోనూ ఎక్కవు. అయినా అకాడమీ వాళ్లు అలాగే తీసుకెళ్లి దాచారు. ఇరవై ఏళ్లు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే పని ఇదే. పనికిరాదని తేలిపోయిన దాన్ని, ఎప్పటికైనా పనికొస్తుందేమోనని దాచిపెట్టడం.

2013లో క్రైటీరియన్, అకాడమీ కలిసి ఆ డబ్బాలు తెరిచాయి. ఫిల్మ్‌ని ఇటలీలో బొలోన్యాలోని లిమాజినే రిత్రొవాతా ల్యాబ్‌కి పంపారు. వేడికి ఫిల్మ్‌లో తేమంతా పోయి అప్పడంలా పెళుసైపోయింది, విప్పబోతే విరుగుతుంది. ముందు దానికి తేమ పట్టించాలి. గ్లిజరాల్, అసిటోన్, నీళ్లు కలిపిన ద్రావణంతో మెల్లగా మెత్తబరిచారు. తొందరపడితే రసాయనం పొర కాస్తా ఊడి వస్తుంది. చుట్ట విప్పుకున్నాక కరిగి అతుక్కున్న పాత టేపు, మైనం, జిగురు చేత్తో గీకి తీయాలి. తర్వాత అంచుల్లోని చిల్లులు. 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక్కో ఫ్రేముకి పక్కకి నాలుగేసి చిల్లులు, యంత్రం పళ్లు పట్టుకునేది వాటినే. అవి మాడిపోతే బొమ్మ ఎంత బాగున్నా ముందుకి కదలదు. కొత్త అంచులు అతికి చిల్లులు మళ్లీ కట్టారు. ఈ చేతిపని ఒక్కటే దాదాపు వెయ్యి గంటలు.

ఇంత చేశాక, పథేర్ పాంచాలీలో 40 శాతం, అపరాజితోలో 60 శాతం పైన అసలు నెగటివ్ నుంచి తీసుకోగలిగారు. అపూర్ సంసార్‌కి ఆ అదృష్టం లేదు, దాని నెగటివ్ వాడుకునే స్థితిలో లేదు. మిగిలిన భాగాలకి జానస్ ఫిల్మ్స్, అకాడమీ, హార్వర్డ్ ఫిల్మ్ ఆర్కైవ్, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్న ఫైన్ గ్రెయిన్ మాస్టర్లు (నెగటివ్ నుంచి తీసిన పాజిటివ్ కాపీలు), వాటి నుంచి తీసిన డూప్ నెగటివ్‌లు వాడారు.

నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. నెగటివ్ నుంచి మాస్టర్ పాజిటివ్, దాన్నుంచి డూప్ నెగటివ్, ఇలా దిగిన ప్రతి మెట్టు దగ్గరా సన్నటి వివరం కొంత పోతుంది, గ్రెయిన్ అనే ఇసుక రేణువుల్లాంటి చుక్కలు పెరుగుతాయి, నలుపు నీడల్లో సంగతులు పూడుకుపోతాయి. 4కె డిస్కు లాభం కనబడేది అసలు నెగటివ్ ఉన్న చోట. అపూర్ సంసార్ మొత్తం, పథేర్ పాంచాలీలో సగానికి పైగా డూప్‌ల నుంచే వచ్చాయి కాబట్టి మన 50 అంగుళాల టీవీలో, పది అడుగుల దూరంలో కూర్చుని చూస్తే తేడా కొంచెమే. ప్రొజెక్టర్ పెట్టి గోడంత తెర మీద వేసేవాడైతే 4కె తీసుకోమంటాను.

ఫిల్మ్ స్కాన్ అయ్యాక పని ఎంతుందో లెక్క వేసి చూడు. పథేర్ పాంచాలీ 125 నిమిషాలు, సెకనుకి 24 ఫ్రేములు, అంటే లక్షా 80 వేల ఫ్రేములు. 4కెలో పూర్తి ఫ్రేము స్కాన్ చేస్తే ఒక్కోటి 50 మెగాబైట్ల దాకా, మొత్తం సుమారు 9 టెరాబైట్లు. గీత, దుమ్ము, మరక, కుదుపు, వెలుగు రెపరెపలు, ఇవన్నీ ఫ్రేము ఫ్రేముకి చూసుకుంటూ పోవాలి. సాఫ్ట్‌వేర్ దానంతటదే చేసుకుపోనివ్వొచ్చు, అక్కడే చాలామంది సినిమాని పాడుచేస్తారు. ఒక్క ఫ్రేములో కనబడి మాయమయ్యేది దుమ్ము అని దాని నమ్మకం. వాన చినుకూ ఒక్క ఫ్రేములోనే ఉంటుంది. చూసుకునే మనిషి లేకపోతే అపు అక్క దుర్గ తడిసే వానలో సగం చినుకులు తుడిచిపెట్టుకుపోతాయి.

గ్రెయిన్ దగ్గరా ఇదే గొడవ. తెర మీద ఇసుక చల్లినట్టు కదిలేది మురికి కాదు, ఫిల్మ్ బొమ్మ తయారైందే దానితో. దాన్ని తుడిచేస్తే పథేర్ పాంచాలీలో ముసలావిడ ఇందిర్ ముఖం మీది ముడతలు కూడా పోయి మైనపు బొమ్మలా తేలుతుంది. ఈ డిస్కుల్లో గ్రెయిన్ ఉంచారు, నాకు నచ్చింది అదే. నెగటివ్ నుంచి డూప్‌లోకి మారే అతుకులు కూడా శ్రద్ధగా చూస్తే తెలుస్తాయి. ఒక షాట్లో తెలుపు నలుపుల మధ్య బూడిద రంగులు మెట్లు మెట్లుగా దిగుతాయి, తర్వాతి షాట్లో గ్రెయిన్ కాస్త ముతకబడి నలుపు ముద్దగా ఉంటుంది. గ్రేడింగ్‌లో, అంటే షాట్ల వెలుగునీడలు సరిచేసేటప్పుడు, దగ్గరికి తెచ్చారు గానీ దాచేయలేదు. దాచాలంటే మంచి షాట్‌ని చెడ్డదాని స్థాయికి దించాలి. అలా చేయకపోవడమే న్యాయం.

అపరాజితోలో కాశీ ఇంటి ముంగిలి దృశ్యాలు వచ్చినప్పుడు కాస్త ఆగి చూడు. అది సెట్టు. ఆకాశం నుంచి దిగే నీడలేని వెలుగు కోసం ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లగుడ్డ కట్టి, కింది నుంచి దీపాలు దాని మీదకి కొట్టి, తిరిగొచ్చిన వెలుగుతో తీశారు. ఆ మెత్తదనం పాత డీవీడీలో కనబడదు, కాంట్రాస్ట్ పెంచేసి గోడలు సున్నం కొట్టినట్టు చేశారు. ఇక్కడ బాగుందంటే నీ టీవీ కూడా సరిగ్గా ఉన్నట్టు.

ధ్వనికి గుర్తు ఇంకోటి. పథేర్ పాంచాలీలో అపు నాన్న హరిహర్ ఊరి నుంచి వచ్చి, చనిపోయిన దుర్గ కోసం తెచ్చిన చీర చూపిస్తే అమ్మ సర్వజయ భోరుమంటుంది. ఆమె ఏడుపు మనకి వినబడదు, ఆ చోట తార్ షెహనాయి అనే తీగవాద్యం పైస్థాయిలో మోగుతుంది. గరగర తీసే పేరుతో పై పౌనఃపున్యాలు కోసేసిన కాపీల్లో అది ముక్కుతో పాడినట్టు ఉంటుంది. డిస్కులో గొంతు చీల్చుకుని వస్తుంది. నీ దగ్గర బ్రిటన్‌లో కొన్న పాత డీవీడీ ఉందన్నావు, దాని సంగతి వేరే. అక్కడి టీవీల పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు, అందుకని 125 నిమిషాల సినిమా 120కి వచ్చేస్తుంది, శ్రుతి కూడా అరమెట్టుకి కొంచెం తక్కువగా పైకి పోతుంది. రవిశంకర్ సితార్ అసలు శ్రుతిలో వినాలంటే బ్లూ-రేలోనే.

ఆన్‌లైన్లో చూస్తే పోలేదా అని నువ్వు అడగకముందే చెప్తున్నా. బ్లూ-రేలో సెకనుకి 25, 30 మెగాబిట్లు ఖర్చు పెడతారు, స్ట్రీమింగ్‌లో మామూలుగా ఐదారు. కదలని గోడకి అది సరిపోతుంది. వాన, కాశ (రెల్లు) గడ్డి, పొగ, పైన గ్రెయిన్, ప్రతి ఫ్రేమూ వేరుగా ఉండే చోట చాలదు, బొమ్మ చదరపు ముక్కలుగా విరిగిపోతుంది. అపు, దుర్గ రైలు చూసే చోట వాన తప్ప మిగతా మూడూ దాదాపు ఒకేసారి వస్తాయి.

ఇప్పుడు టీవీ. డిస్కు ఎంత మంచిదైనా కొత్త టీవీలు కొట్టు నుంచి వచ్చినప్పుడు ఉండే సెట్టింగులతో దాన్ని నాశనం చేస్తాయి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టు, లేకపోతే సినిమా మోడ్. కదలికని నున్నగా చేసే దాన్ని ఆపెయ్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ. అది ఆన్‌లో ఉంటే 1955 నాటి సినిమా టీవీ సీరియల్లా కదులుతుంది. నాయిస్ రిడక్షన్ అన్న మాట ఎక్కడ కనబడినా సున్నా చెయ్, గ్రెయిన్‌ని నాయిస్ అనుకుని చెరిపేసేది అదే. షార్ప్‌నెస్ తగ్గించు, కానీ సోనీలో సున్నాకి దించకు, మసకబారుతుంది, అందులో మామూలు స్థితి 50. ప్లేయర్లో 24పి అవుట్‌పుట్ (సినిమాలాగే సెకనుకి 24 ఫ్రేములు) ఆన్ చెయ్.

ఇంకొకటి, మీ ఇంట్లో అందరూ ఒప్పుకోనిది. ఈ సినిమాల బొమ్మ దాదాపు చతురస్రం, పక్కల నల్లపట్టీలు ఉంటాయి. తెర నిండాలని జూమ్ నొక్కితే పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు బొమ్మ తెగిపోతుంది. సాగదీస్తే మనుషులు లావెక్కుతారు. పట్టీలని అలాగే ఉండనివ్వు.

రే మిగతా సినిమాలు కూడా తెస్తావేమోనని రెండు మాటలు. జల్సాఘర్, చారులత, మహానగర్, నాయక్, దేవి అన్నీ క్రైటీరియన్ బ్లూ-రేలుగా ఉన్నాయి. ఒక్కటే తేగలిగితే మహానగర్, దాని డిస్కులోనే రే తీసిన ఇంకో సినిమా కాపురుష్ కూడా అదనంగా ఉంది. ఘరే బైరే, గణశత్రు, ఆగంతుక్ కలిపి క్రైటీరియన్ వాళ్లే 2014లో ఎక్లిప్స్ పేరుతో వేసిన పెట్టె డీవీడీలే, తొందరపడకు. ప్రతిద్వందిని మన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ బాగుచేస్తే 2022లో కాన్ చలనచిత్రోత్సవంలో వేశారు. అరణ్యేర్ దిన్ రాత్రి 4కె రిస్టొరేషన్ 2025లో అక్కడే ఆడింది, షర్మిలా టాగోర్, సిమీ గరేవాల్ వెళ్లారు. ఆ రెండూ మంచి డిస్కులుగా ఎక్కడ కనబడినా వదలకు.

మన మాయాబజార్‌కి 2010లో రంగులు వేశారు కదా, అదీ ఇలాంటిదేనా అని రాశావు. కాదు. రంగు వేయడం అంటే లేనిది చేర్చడం. రిస్టొరేషన్ అంటే ఉన్నది బయటికి తీయడం, లేనిది లేనట్టే వదిలేయడం. మనకి చేతకాక కాదు, చెన్నైలో ఎల్.వి. ప్రసాద్ గారి సంస్థ ఫిల్మ్ రిస్టొరేషన్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంది, 2019 డిసెంబర్లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు హైదరాబాద్‌లోనే దీని మీద వర్క్‌షాప్ పెట్టి నేర్పించారు. కావాల్సింది నెగటివ్. నైట్రేట్ తర్వాత వచ్చిన అసిటేట్ ఫిల్మ్ మన ఎండలకి, ఉక్కపోతకి కుళ్లడం మొదలైతే డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడుతుంది, ఆ ఆవిరి పక్క డబ్బాలకి కూడా అంటుకుంటుంది. ఫిల్మ్ ఒక శాతం కుంచించుకుపోయిందంటే చిల్లులు యంత్రం పళ్లకి సరిపడవు. మీ పెదనాన్నగారి గోడౌన్లో రీళ్లు ఉన్నాయన్నావు, వాసన వచ్చే డబ్బాలని ఇవాళే విడిగా తీసి చల్లటి, పొడి గదిలో పెట్టించు. ఎవరి చేతా విప్పించొద్దు, ప్రొజెక్టర్లో అసలే ఎక్కించొద్దు. ప్రతి డబ్బా మీదా సినిమా పేరు, రీలు నంబరు, నెగటివో ప్రింటో రాయించు. అంచు మీద రాతలుంటాయి, నైట్రేట్ అని కనబడితే ఆ గదిలో స్విచ్ కూడా వేయొద్దని చెప్పు, అది వేరే జాగ్రత్త, ఫోన్లో మాట్లాడదాం.

ప్లేయర్ వెనక లేబుల్ ఫొటో తీసి పంపు. వోల్టులు చూశాక ట్రాన్స్‌ఫార్మర్ కొనాలో వద్దో చెప్తాను.

నీ
రాము