కౌంటర్‌లోని ఆ మేడమ్‌కి కృతజ్ఞతలు

బాబాయి పోయినప్పుడు అంత్యక్రియలకు మా చేతిలో డబ్బు లేదు. స్తోమత లేనివాళ్లకు ఆ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని విన్నాం గానీ, దరఖాస్తు, మరణ ధ్రువీకరణ, ఆదాయ రుజువు అనేసరికి టెన్షన్‌తో కాళ్లూచేతులూ ఆడలేదు. దరఖాస్తు ఇచ్చే ఆఫీసు కౌంటర్‌లో ఉన్నావిడ ఫారం తనవైపు లాక్కుని, ఒక్కొక్కటీ అడుగుతూ తనే నింపారు. "ఆయన ఏం పని చేసేవారమ్మా?" అన్నారు. ఫారంలో ఆ ప్రశ్నే లేదు! పిన్ని తాపీ పని గురించి చెబుతుంటే పెన్ను పక్కన పెట్టి విన్నారు. తర్వాత, నంబరు మాత్రమే ఉన్న చీటీ మీద బాబాయి పేరు ఇంటిపేరుతో సహా గుండ్రంగా రాసి, "సరిగ్గా ఉందా?" అని పిన్నికి చూపించారు. "ఉచితం" అన్న మాట ఒక్కసారి కూడా ఆవిడ నోట రాలేదు. మేడమ్, మీకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.