వార్షిక నివేదిక: బర్ కోట యాత్ర, లార్డ్ రాస్ జీవితం

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే నిండుగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఐర్లండ్‌లోని బర్ పట్టణంలో ఉన్న కోటకు మనం చేసిన యాత్రకు ఇస్తున్నాను. ఇన్నేళ్లుగా ఐర్లండ్ ఉప్పు తింటున్నా, ఈ నేల మనిషి ఒకరి గురించి మనమందరం కలిసి కూర్చుని తెలుసుకోవడం ఇదే మొదటిసారి.

ఆయన బర్ కోట ప్రభువు, మూడవ ఎర్ల్ ఆఫ్ రాస్ (ఎర్ల్ అంటే ఒక ప్రభు బిరుదు), విలియం పార్సన్స్. లార్డ్ రాస్ అన్నది ఆయననే. 1800లో పుట్టారు. విద్యార్థిగా ఉండగానే 1821లో కింగ్స్ కౌంటీ, అంటే నేటి ఆఫలీ, నుంచి పార్లమెంటుకు వెళ్లి 1834 వరకు సభ్యుడిగా ఉన్నారు. 1845లో ఐరిష్ ప్రభువుల ప్రతినిధిగా ప్రభువుల సభలో చేరారు. పేరు నిలబెట్టింది మాత్రం కోట తోటలోని దుర్భిణి.

ఆ రోజుల్లో పెద్ద దుర్భిణి అద్దమంటే గాజు కాదు, రాగి, తగరం కలిపి పోసిన లోహం. మన కంచుకు దగ్గర చుట్టమే, కానీ తగరం పాలు ఎక్కువ. వెండిలా మెరుస్తుంది, ఏమాత్రం తేడా వచ్చినా పగిలిపోతుంది. ఆరడుగుల వెడల్పు, సుమారు మూడు టన్నుల బరువున్న అద్దాన్ని 1842లో పోతపోసి, 16 వారాలు మెల్లగా చల్లారనిచ్చారు. కొలిమిలో మండించింది ఇక్కడి బురదనేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డలనే. పనివాళ్లను లండన్ నుంచి రప్పించలేదు. ఎస్టేటులోని వాళ్లకే పని నేర్పి చేయించారు, తన పద్ధతులను దాచుకోకుండా ప్రచురించారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే.

మేము వెళ్లిన రోజు వాన. రెండు ఎత్తైన రాతిగోడల మధ్య యాభై అడుగులు దాటిన గొట్టం. ప్రారంభంలో ఒక మతాధికారి తెరిచిన గొడుగుతో దానిలో నడిచారని చెప్పగానే, పిల్లలు తమ గొడుగులు ఎత్తి కొలతలు మొదలుపెట్టారు.

1845 వసంతంలో, సప్తర్షి మండలంలోని మరీచికి చేరువలో కనిపించే ఒక నెబ్యులాలో, అంటే మబ్బు మరకలా కనిపించే కాంతిలో, సుడి ఆకారాన్ని ఆయన గుర్తించి బొమ్మ గీశారు. అంతకుముందు ఎవరికీ తెలియని రూపం అది. ఆ శరదృతువులోనే బంగాళాదుంపకు తెగులు సోకింది. తరువాతి కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. దుర్భిణి పని దాదాపు ఆగింది. ఆయన, భార్య మేరీ సహాయ పనుల్లో పడ్డారు. అయితే కౌలుదారుల హక్కుల విషయంలో ఆయన భూస్వాముల పక్షానే వాదించారు. ఆ మాట దాచిపెట్టి పొగడటం నాకు సమ్మతం కాదు.

1848 నుంచి 1854 వరకు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి అధ్యక్షుడిగా ఉన్నారు. 1867లో మరణించారు. అంత పెద్ద దుర్భిణి 1917 దాకా మరొకటి రాలేదు. ఆవిరి టర్బైన్ కనిపెట్టిన చార్లెస్ పార్సన్స్ ఆయన కొడుకే.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక పెద్దాయన గుర్తుచేశారు: ఆ కాలంలోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారని. వచ్చే ఏడాది ఒక సాయంత్రం ఆయనకు కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది. ఆ వేధశాలకు సంబంధించిన పాత ఛాయాచిత్రాలు, పత్రాలు మీ ఇళ్లలో ఉంటే కార్యదర్శికి తెలియజేయగలరు.