ముప్ఫై ఆరేళ్లకు ఎంబీబీఎస్ సీటు: చేయందించిన వాళ్లకు కృతజ్ఞతలు

రెండో విడత కౌన్సెలింగ్‌లో నాకు ప్రభుత్వ వైద్య కళాశాలలో కన్వీనర్ కోటా సీటు వచ్చింది. వెళ్లి రిపోర్ట్ చేసి, ఒరిజినల్స్ ఇచ్చేసి వచ్చాను. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ ‘అంతా నీ పట్టుదల’ అంటున్నారు. నాలాగే పట్టుదల ఉన్న నర్సులు మా ఆసుపత్రిలోనే బోలెడంత మంది ఉన్నారు. వాళ్లకు దొరకనివి రెండే: చదువుకోవడానికి తీరిక, సమయానికి చేతిలో కాగితాలు. ఆ రెండూ నాకు సమకూర్చిపెట్టింది ఇతరులే. పేర్లు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి పేర్లు లేకుండానే నలుగురిలో చెప్పుకుంటున్నాను.

ముందుగా మా ఐసీయూ డ్యూటీ డాక్టరమ్మకి. నాకంటే చిన్నది, ‘అక్కా’ అనే పిలుస్తుంది. 2018లో ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్‌కి జనరల్ వాళ్లకు 25, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 30 అని గరిష్ఠ వయసు పెట్టినప్పుడే నేను ఆ ఆలోచన మానేశాను. మధ్యలో కోర్టు ఉత్తర్వులతో కొందరు పరీక్ష రాస్తున్నారని విన్నా, అది మన సంగతి కాదులే అనుకున్నాను. ఆ పరిమితి ఇప్పుడు లేదనీ, 2022లోనే జాతీయ వైద్య కమిషన్ ఎత్తేసిందనీ ఈ అమ్మాయే చెప్పింది. ఒడిశాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన జయకిశోర్ ప్రధాన్ గారు 2020లో, 64 ఏళ్ల వయసులో, బుర్లా ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరిన వార్త కూడా ఫోన్‌లో తీసి చూపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫిజిక్స్ సార్ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, మా వీధి చివర ఉంటారు. నీట్‌లో 180 ప్రశ్నలు. అందులో 90 బయాలజీ, కెమిస్ట్రీ 45, ఫిజిక్స్ 45. సరైన జవాబుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. బయాలజీలో శరీరం గురించి అడిగేవి వార్డులో రోజూ చూసేవే. ఫిజిక్స్ మాత్రం ఇంటర్ బైపీసీ రోజుల నుంచీ నాకు గుండెదడే. సార్ మొదటిరోజు పుస్తకమే తెరవలేదు. ‘అమ్మా, రక్తం బాగా పోతున్న మనిషిని తీసుకొస్తే ఏ క్యాన్యులా పెడతావు?’ అని అడిగారు. క్యాన్యులా అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలోకి పెట్టే గొట్టం, గేజ్ అంకె పెరిగేకొద్దీ అది సన్నబడుతుంది. ‘ఆకుపచ్చది సార్, 18 గేజ్’ అన్నాను. ‘నీలం రంగుది పెడితే?’ ‘అది 22, సన్నం. సెలైన్ అంత వేగంగా ఎక్కదు.’ అప్పుడు కాగితం తీసుకుని, గొట్టం వ్యాసార్థం రెట్టింపైతే ప్రవాహం పదహారింతలు ఎందుకవుతుందో లెక్క వేసి చూపించారు. సెలైన్ సీసా పైకి జరిపితే చుక్కలు ఎందుకు జోరందుకుంటాయో అడిగి, అక్కడి నుంచి ద్రవపీడనం పాఠంలోకి తీసుకెళ్లారు. ఇన్నేళ్లుగా నా చేతులు చేస్తున్న పనికి వెనక ఇంత లెక్క ఉందా అనిపించి, ఆ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది. ఫీజు మాట ఎత్తనివ్వలేదు. నేను డ్యూటీ దిగి ఏ వేళకు వచ్చినా అరుగు మీద కూర్చునే ఉండేవారు.

మా హెడ్ సిస్టర్ రోస్టర్‌లో నా నైట్లు తగ్గించి, పరీక్ష ముందు నెలలో పూర్తిగా తీసేశారు. ఆ నైట్లు చేసింది నా తోటి సిస్టర్లు. పసిపిల్లల తల్లులు కూడా ఉన్నారు వాళ్లలో. ఒక్కరూ మొహం చిట్లించలేదు.

ఇక స్టడీ సర్టిఫికెట్లు. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటాకి పోగా మిగతావి మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. అక్కడ లోకల్ అభ్యర్థి అనిపించుకోవాలంటే ఏ తరగతి ఎక్కడ చదివామో కాగితం చూపించాలి. ఇంటర్ అయిన వెంటనే వచ్చే పిల్లలకు అది ఒక పూట పని. నేను టెన్త్ చదివిన ప్రైవేటు బడి ఎప్పుడో మూతపడింది, ఆ స్థలంలో కల్యాణ మండపం కట్టారు. మా లెక్కల మాస్టారు ఈ వయసులో నా వెంట తిరిగి, రికార్డులు మండల విద్యాశాఖ కార్యాలయానికి అప్పగించారని తెలుసుకున్నారు. అక్కడి గుమస్తా గారు ఆఫీసు వేళ దాటిపోయినా ఇంటికి వెళ్లకుండా, బీరువా మీది కట్టలన్నీ దింపి, అంచులు చెదపట్టిన అడ్మిషన్ రిజిస్టర్ దులిపి తీశారు. నా పేరు, మా నాన్న పేరు, వృత్తి గడిలో ‘కూలీ’. మాస్టారు దస్తూరీయే అది. ‘నేనే రాశానమ్మా’ అని ఆయన మళ్లీ మళ్లీ దాని మీద వేలు పెట్టి చూపించారు. ఆ కాగితం లేకపోతే ఎన్ని మార్కులొచ్చినా ఈ సీటు నాకు దక్కేది కాదు. మాస్టారూ, గుమస్తా గారూ, మీ ఇద్దరికీ నా నమస్కారం.

మా అత్తమ్మ వంటగది మొత్తం తన మీద వేసుకుంది. నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ అని విడమర్చి చెబితే, ‘అయితే నా బీపీ నువ్వే చూస్తావన్నమాట’ అంది. మా ఆయన జీతం మీదే ఇక ఇల్లు నడవాలి. దానికి ఆయన ఎప్పుడో సరేనన్నారు.

నాలా ఆలస్యంగా మొదలుపెట్టాలనుకునే నర్సులూ, ల్యాబ్ టెక్నీషియన్లూ, ఫార్మసిస్టులూ ఉంటే అడగండి. సార్ చెప్పిన ఫిజిక్స్ నోట్సు నా దగ్గరుంది, జిరాక్స్ తీయించి పంపుతాను. ఈలోగా మీ పాత బళ్లకు వెళ్లి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చిపెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు.