సైన్సు ప్రాజెక్టుకు చార్టు కాదు, పెరుగు గిన్నె కావాలి

విజయవాడ బడుల్లో ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు ప్రాజెక్టులు దుకాణంలో కొన్న చార్టులకు, థర్మోకోల్ బొమ్మలకే పరిమితమవుతున్నాయి. ఆమ్లాలు, క్షారాల పట్టిక గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా పసుపులో సున్నం కలిపితే పారాణి ఎందుకు ఎర్రబడుతుందో చెప్పలేకపోతున్నారు. సున్నమనే క్షారం తగిలి పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం రంగు మారుతుంది; నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. అంతకంటే గొప్ప పాఠం పెరుగు తోడు. అర లీటరు పాలు కాచి మూడు గిన్నెల్లో సమంగా పోయాలి. ఒకదాంట్లో పాలు పొగలు కక్కుతుండగానే, రెండోదాంట్లో గోరువెచ్చగా, అంటే 40 డిగ్రీల దగ్గర, మూడోదాంట్లో పూర్తిగా చల్లారాక అర చెంచా చొప్పున పెరుగు కలిపి, మూడోదాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. ఐదారు గంటల తర్వాత చూస్తే గోరువెచ్చని గిన్నే గట్టిగా తోడుకుని ఉంటుంది. వేడికి పాలను తోడుపెట్టే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. చలికి చావదు, పని మానేస్తుంది. ఫ్రిజ్ గిన్నెను బయటపెడితే ఆలస్యంగానైనా తోడుకోవడమే అందుకు రుజువు. ప్రయోగం చెడేది ఎక్కువగా చెంచా వల్లే: రెండో గిన్నెలో తిప్పిన చెంచాను చల్లారిన మొదటి గిన్నెలో ముంచితే అదీ తోడుకుని పిల్లలు తికమకపడతారు. వేడి పాలు మాత్రం పెద్దలే పోయాలి. ఫార్మేటివ్ పరీక్షల ప్రాజెక్టు మార్కులను ఇలాంటి ప్రయోగాల నోటు పుస్తకానికి ఇచ్చేలా ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల విద్యాశాఖాధికారులు ఆదేశించాలి. కొలత, వేడి, సమయం, ఫలితం రాయించాలి. తోడుకోని గిన్నెకు సరైన కారణం రాసిన పిల్లలకూ పూర్తి మార్కులు వేయాలి.

– ఒక సైన్సు ఉపాధ్యాయురాలు, విజయవాడ